గ్రాంటు వచ్చింది, మనిషి రాలేదు

మూడేళ్ల పరిశోధన ప్రాజెక్టు మంజూరైంది. ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ఒప్పందం మీద కొన్నేళ్లు పరిశోధన చేసేవారు), ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులు, ఒక టెక్నీషియన్ అని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. ఎనిమిదో నెల వచ్చేసరికి ల్యాబులో కొత్తగా కనిపిస్తున్నది ఒక ఫ్రీజరు మాత్రమే. ఫ్రీజరుకు మూడు కొటేషన్లు తెప్పిస్తే సరిపోయింది. మనుషుల ఫైలు ఇంకా ఎవరి బల్ల మీదో ఉంది.

బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. డబ్బుంది, పనుంది, ఆ పని కోసం ఎదురుచూసేవాళ్లు వందల్లో ఉన్నారు. ఆలస్యం ఎందుకని అడిగితే ప్రొఫెసర్ ఆఫీసును చూపిస్తారు, ఆఫీసు నిబంధనలను చూపిస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడం లేదని విసుక్కోవడం యూనివర్సిటీల్లో పాత అలవాటే. అయితే పూజారి వైపు కూడా కొంత న్యాయం ఉంది. అదేమిటో తెలియాలంటే ఆ డబ్బు ఎవరిదో ముందు తేల్చుకోవాలి.

డబ్బు ఎవరిది, యజమాని ఎవరు

పదిహేడో శతాబ్దంలో శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్‌కు ఈ తలనొప్పి లేదు. ఆయన ఓ సంపన్న ప్రభువు కొడుకు. గాలి పంపు ప్రయోగాలకు చేతిపని తెలిసిన మనిషి కావాల్సివచ్చి రాబర్ట్ హుక్‌ను సహాయకుడిగా పెట్టుకున్నాడు, సొంత జేబులోంచి జీతమిచ్చాడు. 1662లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ప్రయోగాలు చేసి చూపించేవాడు అవసరమైనప్పుడు అదే హుక్ అక్కడికి వెళ్లాడు. నోటిఫికేషన్ లేదు, సెలెక్షన్ కమిటీ లేదు. పనిచేసే మనిషి పేరు పరిశోధన పత్రాల్లో ఉండాలన్న పట్టింపు కూడా పెద్దగా లేదనుకోండి. ఆనాటి సహాయకుల్లో చాలామంది ఎవరో మనకు తెలియదు.

ఇప్పుడు గ్రాంటు ఇచ్చేది ప్రభుత్వ సంస్థో, ఫౌండేషనో, కంపెనీయో. చాలా సందర్భాల్లో వాళ్లు ఒప్పందం రాసుకునేది ప్రొఫెసర్‌తో కాదు, యూనివర్సిటీతో. ప్రొఫెసర్ అందులో ప్రధాన పరిశోధకుడు, అందరూ పీఐ అని పిలిచే మనిషి. పని ఎలా జరగాలో ఆయన నిర్ణయిస్తారు, ఎవరు కావాలో సిఫారసు చేస్తారు. నియామక పత్రం మీద సంతకం మాత్రం యూనివర్సిటీది. లెక్క తప్పితే జవాబు చెప్పాల్సిందీ, తీసేసిన ఉద్యోగి కోర్టుకు వెళితే హాజరవ్వాల్సిందీ యూనివర్సిటీయే.

కాబట్టి ఆఫీసుకు కనిపించేది మూడేళ్ల ప్రాజెక్టు కాదు. తన పేరు మీద ఏర్పడుతున్న ఇంకో ఉద్యోగ సంబంధం. అర్హతలు ప్రకటనలో రాసినట్టే ఉన్నాయా, అందరికీ దరఖాస్తు అవకాశం దొరికిందా, ఇదే స్థాయి పని చేస్తున్న మిగతావాళ్ల జీతంతో ఇది పొసుగుతుందా అని చూస్తుంది. ఇవి అనవసరమైన ప్రశ్నలేమీ కావు. పీఐకి నచ్చిన మనిషిని నచ్చిన జీతానికి తీసుకోనిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. చిక్కల్లా ఒక్కటే: శాశ్వత ఉద్యోగి కోసం తయారుచేసిన యంత్రాంగంలోనే పద్దెనిమిది నెలల అసిస్టెంటు ఫైలు కూడా తిరగాలి. ప్రకటన, పరిశీలన, ఇంటర్వ్యూ, ఆమోదం, విదేశీయులైతే వీసా. ఒక్కొక్కదానికి నాలుగేసి వారాలు వేసుకున్నా ఇరవై వారాలు గడిచిపోతాయి. ఈలోగా గ్రాంటు గడియారం ఆగదు, చాలాచోట్ల అది మంజూరు తేదీ నుంచే మొదలవుతుంది.

జీతం వంద, ఖర్చు రెండు వందలు

కొత్తగా పీఐ అయినవాళ్లు మొదటిసారి తడబడేది ఇక్కడే. మనిషి జీతం ఏడాదికి వంద అనుకుందాం. పింఛను, బీమా, సెలవుల లాంటి వాటికి యూనివర్సిటీ మరో 30 కలుపుతుంది. ఆపైన ఓవర్‌హెడ్: భవనం, కరెంటు, లైబ్రరీ, ఇందాకటి ఆఫీసు కూడా నడవాలి కదా. అది సగం అనుకుంటే 130 మీద ఇంకో 65. అంటే వంద జీతానికి గ్రాంటులోంచి పోయేది 195.

ఓవర్‌హెడ్‌లో దేశానికో పద్ధతి. పరిశోధనకు నిధులిచ్చే యూరోపియన్ యూనియన్ హొరైజన్ కార్యక్రమం నేరుగా అయ్యే ఖర్చు మీద ఒకే రేటున 25 శాతం ఇస్తుంది. అమెరికాలో పెద్ద పరిశోధన విశ్వవిద్యాలయాలు ప్రభుత్వంతో విడిగా మాట్లాడుకున్న రేట్లు 50 శాతం దాటడం మామూలే. అలా మాట్లాడుకోని సంస్థలకు వర్తించే కనీస రేటును 2024 అక్టోబరు నుంచి 10 శాతం నుంచి 15కు పెంచారు. బ్రిటన్‌ది మరో దారి. అక్కడి పరిశోధన మండళ్లు ప్రాజెక్టు పూర్తి ఖర్చును లెక్కగట్టి అందులో సాధారణంగా 80 శాతమే ఇస్తాయి, మిగతాది యూనివర్సిటీ తెచ్చుకోవాలి. దీని ఫలితం కాస్త విడ్డూరంగా ఉంటుంది: పెద్ద గ్రాంటు గెలిచిన కొద్దీ యూనివర్సిటీ చేతి నుంచి పెట్టాల్సిందీ పెరుగుతుంది.

విద్యార్థిని తీసుకుంటే చవక అని బయట ఒక నమ్మకం. అన్నిచోట్లా నిజం కాదు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు రీసెర్చ్ అసిస్టెంటు స్టైపెండుతో పాటు అతని ట్యూషన్ ఫీజునూ గ్రాంటుకే రాస్తాయి. రెండూ కలిపితే కొన్నిచోట్ల పూర్తికాలపు పోస్ట్‌డాక్ ఖర్చుకు దగ్గరపడుతుంది. పోస్ట్‌డాక్ వచ్చిన నెల నుంచే పని అందుకుంటారు. విద్యార్థికి మొదటి ఏడాది క్లాసులతోనే సరిపోతుంది. లెక్క చూసుకునే పీఐకి ఎటు మొగ్గు కలుగుతుందో చెప్పక్కర్లేదు. కొత్తవాళ్లను తయారుచేయాల్సిన వ్యవస్థలో ఇది మంచి మొగ్గు కాదని నా అభిప్రాయం.

పైగా గ్రాంటు పరిమాణం జీతాలతో పాటు పెరగదు. వైద్య పరిశోధనకు గ్రాంట్లిచ్చే అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 1999లో మాడ్యులర్ బడ్జెట్ అనే సులభ పద్ధతి తెచ్చింది. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల ప్రత్యక్ష ఖర్చు వరకూ వివరాల జోలికి పోకుండా అడగొచ్చు. పాతికేళ్లు గడిచినా ఆ పరిమితి అంతే ఉంది. అప్పట్లో ఆ సొమ్ముతో నడిచిన బృందం ఇప్పుడు నడవదు. 2022 నవంబరు 14న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 48 వేల మంది సమ్మెకు దిగారు. పోస్ట్‌డాక్‌లు, విద్యార్థి పరిశోధకులు, బోధనా సహాయకులు అందరూ అందులో ఉన్నారు. జీతాలు పెరిగాయి, పెరగాల్సినవే. గ్రాంట్లు మాత్రం పాత అంకెల్లోనే ఉన్నాయి. ముగ్గురి డబ్బుతో ఇద్దరిని పెట్టుకోవాలా, పెంచిన భాగం యూనివర్సిటీ భరించాలా అన్న పంచాయితీ అక్కడ మొదలైంది. జీతం న్యాయమా అన్న ప్రశ్ననూ, ఆ జీతం ఏ ఖాతాలోంచి అన్న ప్రశ్ననూ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే ఇలాంటి పంచాయితీలు తెగవు.

విద్యార్థా, ఉద్యోగా?

మొత్తం వ్యవహారంలో అసలు పీటముడి ఇది. టెక్నీషియన్ ఉద్యోగి, అందులో అనుమానం లేదు. పోస్ట్‌డాక్ కూడా చాలాచోట్ల ఉద్యోగే. పీహెచ్‌డీ విద్యార్థి ఎవరు? పొద్దున్నుంచి రాత్రి దాకా ల్యాబులో అతను చేసేది చదువా, పనా?

అమెరికాలో ఈ ప్రశ్నకు ఒకే సంస్థ నలభై రెండేళ్లలో పలు రకాల జవాబులు చెప్పింది. స్టాన్‌ఫర్డ్ భౌతికశాస్త్ర రీసెర్చ్ అసిస్టెంట్ల విషయంలో 1974లో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు (యూనియన్ పెట్టుకునే హక్కు ఎవరికుందో తేల్చే సంస్థ), వాళ్లు చేసేది తమ థీసిస్ కోసమే గనుక ఉద్యోగులు కారంది. 2000లో న్యూయార్క్ యూనివర్సిటీ కేసులో కొందరు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లను ఉద్యోగులుగా గుర్తించింది. 2004లో బ్రౌన్ కేసులో ఆ గుర్తింపు వెనక్కి తీసుకుంది. 2016 ఆగస్టులో కొలంబియా కేసులో, బయటి గ్రాంట్ల మీద పనిచేసే రీసెర్చ్ అసిస్టెంట్లు సైతం ఉద్యోగులేనంది. ల్యాబులో వాళ్లు చేసే పని ఈ మధ్యలో మారలేదు. బోర్డు సభ్యులు మారారు. ఈ తీర్పులు ప్రైవేటు విశ్వవిద్యాలయాలకే వర్తిస్తాయి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిది.

నెదర్లాండ్స్‌లో, నార్వే, స్వీడన్, డెన్మార్క్‌లలో ఇంత రభస లేదు. అక్కడ పీహెచ్‌డీ చేసేవాళ్లలో ఎక్కువమందికి యూనివర్సిటీ ఉద్యోగ ఒప్పందమే ఇస్తుంది. జీతం, పన్ను, పింఛను, ప్రసూతి సెలవు అన్నీ అందరు ఉద్యోగుల్లాగే. బ్రిటన్‌లో పరిశోధన మండళ్ల డబ్బుతో చేసే పీహెచ్‌డీ విద్యార్థి విద్యార్థే: స్టైపెండు మీద పన్ను ఉండదు, ఉద్యోగికుండే రక్షణలూ ఉండవు. భారత్‌లో మధ్యస్తంగా ఉంటుంది. నెట్ లేదా గేట్ లాంటి అర్హత పరీక్షతో వచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పేరుకు తగ్గట్టే ఫెలోషిప్పు, జీతం కాదు. రెండేళ్లకు సమీక్ష జరిగి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అవుతుంది. ప్రాజెక్టు కింద తీసుకున్నవాళ్ల ఉత్తర్వులో ‘కో-టెర్మినస్’ అన్న మాట సాధారణంగా ఉంటుంది. ప్రాజెక్టు ముగిసిన రోజే నీ పదవీ ముగుస్తుందని దాని భావం.

పేరులో ఏముందనిపించవచ్చు. చాలా ఉంది. ఫెలోషిప్ మీద ఉన్న మనిషి జబ్బుపడితే సెలవు హక్కా, గైడ్ దయా అన్నది ఆ పేరును బట్టే తేలుతుంది. ఇల్లు అద్దెకు తీసుకోవడానికి, బ్యాంకు రుణానికి జీతం పత్రం అడిగితే చూపించగలరా లేదా అన్నదీ అంతే. వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదని చాలా దేశాల విద్యార్థి వీసాలు చెబుతాయి. 20 గంటలకు జీతమిచ్చి, మిగతా 40 గంటలను ‘నీ థీసిస్ పనే కదా’ అనడం అక్కడి నుంచే వచ్చింది. ఇటు ఉద్యోగి రక్షణా లేక, అటు విద్యార్థికుండాల్సిన తీరికా లేక రెంటికీ చెడ్డ రేవడి అయ్యేది ఈ మధ్యలో ఇరుక్కున్నవాళ్లే.

పీఐ ఇబ్బంది కూడా చూడాలి. గ్రాంటులో ఫలానా తేదీకి ఫలానా ఫలితం ఇస్తానని రాసిచ్చారు. ఉద్యోగికైతే ఆ పని అప్పజెప్పవచ్చు. విద్యార్థికి దారి తప్పే హక్కు ఉంది, పరిశోధన నేర్చుకోవడంలో సగం అదే. రెండో ఏడాదిలో ఆ అమ్మాయికి ప్రాజెక్టు ప్రశ్న కంటే మంచి ప్రశ్న తట్టిందనుకోండి. గైడ్‌గా సంతోషించాలి, పీఐగా కంగారుపడాలి. ఒకే మనిషి రెండూ ఒకే సాయంత్రం చేయాలి. తప్పనిసరిగా గడువుకు చేయాల్సిన డేటా సేకరణ, యంత్రాల నిర్వహణ లాంటివి ఉద్యోగులకు ఇచ్చి, తప్పిపోయినా ప్రాజెక్టు మునిగిపోని ప్రశ్నలను విద్యార్థులకు ఉంచడం తెలిసిన పీఐలు చేసే పని. ఆ విభజన బడ్జెట్ రాసేటప్పుడే జరగాలి. మంజూరయ్యాక ‘ఇద్దరు విద్యార్థులు’ అని ఉన్నచోట ‘ఒక టెక్నీషియన్’ అని మార్చాలంటే చాలాచోట్ల గ్రాంటు ఇచ్చిన సంస్థ ముందస్తు అనుమతి కావాలి, దానికింకో ఫైలు.

కలవని తేదీలు

గ్రాంటు మూడేళ్లు. పీహెచ్‌డీ నాలుగు, ఐదు, కొన్నిచోట్ల ఆరేళ్లు. మొదటి రోజే విద్యార్థిని చేర్చుకున్నా చివర్లో ఒకటి రెండేళ్లు ఎవరో ఒకరు భరించాలి. మరో గ్రాంటు వస్తుందన్న ఆశ, డిపార్ట్‌మెంట్ ఇచ్చే బోధనా సహాయకుడి పని, విద్యార్థి సొంత డబ్బు, ఈ మూడింట్లో ఒకటి. ఇది చేర్చుకునే రోజే అందరికీ తెలుసు. అయినా కాగితం మీద రాసుకునేవాళ్లు తక్కువ.

పోస్ట్‌డాక్‌లది ఇంకో రకం. వరసగా స్వల్పకాలిక ఒప్పందాలతో ఏళ్లు నెట్టకూడదని చట్టాలున్నాయి. బ్రిటన్‌లో 2002 నాటి నిబంధనల ప్రకారం వరస ఒప్పందాల మీద నాలుగేళ్లు నిండిన ఉద్యోగిని, సరైన కారణం చూపితే తప్ప, శాశ్వత ఉద్యోగిగా చూడాలి. జర్మనీలో 2007 చట్టం పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు గడువు పెట్టింది, బయటి ప్రాజెక్టుల డబ్బుకు వేరే మినహాయింపు ఉంది. ఉద్దేశం మంచిదే: గడువులోగా స్థిరమైన ఉద్యోగం ఇవ్వండి అని. స్థిరమైన ఉద్యోగాలే లేనప్పుడు ఆ గడువు కాస్తా బయటికి పంపే తేదీ అయి కూర్చుంది. అక్కడి విద్యాశాఖ ఒక యానిమేషన్ వీడియోలో హన్నా అనే కల్పిత పరిశోధకురాలిని చూపించి, ఒకే తరం కుర్చీలన్నీ పట్టేసుకోకుండా ఈ పద్ధతి మేలని చెప్పుకొచ్చింది. 2021లో వేలమంది పరిశోధకులు ‘నేనే హన్నాను’ అంటూ తమ ఒప్పందాల చిట్టా విప్పారు. విద్యాశాఖ ఆ వీడియోను తీసేయాల్సి వచ్చింది.

ఆలస్యంగా తీసుకున్నందుకు మిగిలిపోయిన జీతం సొమ్ముతో గడువు పొడిగించుకునే వీలు కొన్ని సంస్థలిస్తాయి. కొత్తగా పైసా ఇవ్వవు, కాలం మాత్రం ఇస్తాయి. మరికొన్ని సంస్థలు ఏడాది చివర ఖర్చుకాని సొమ్ము వెనక్కి కట్టమంటాయి. దరఖాస్తు పెట్టేముందే పీఐ చదవాల్సిన నిబంధన ఇది. ఎక్కువమంది మూడో ఏడాదిలో చదువుతారు.

ఎవరిని తీసుకోవాలి

ప్రకటన వచ్చేసరికే మనిషి ఖాయమైపోయాడన్న అనుమానం ప్రతి అభ్యర్థికీ ఉంటుంది. కొన్నిసార్లు నిజమే. ఆ ప్రయోగం మీద రెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి ఒకరుంటే, ఆమె ఒప్పందం ముగిసి కొత్త గ్రాంటులో అదే పనికి ప్రకటన ఇస్తే, పోటీ నామమాత్రమే. అలాంటప్పుడు ప్రకటన లేకుండా కొనసాగించే వీలు ఉండటమే నిజాయితీ. తంతు కోసం నలభై మందిని రప్పించి కూర్చోబెట్టడం ఎవరికీ మేలు చేయదు.

నిజంగా ఖాళీగా ఉన్న చోట్ల సమస్య వేరు. 2012లో అమెరికాలో 127 మంది సైన్సు అధ్యాపకులకు ల్యాబ్ మేనేజర్ ఉద్యోగానికి ఒకే దరఖాస్తు పంపారు. సగంమందికి దాని మీద జాన్ అన్న పేరు, సగంమందికి జెన్నిఫర్ అన్న పేరు. జాన్ ఎక్కువ సమర్థుడిగా కనిపించాడు. అతనికివ్వదలచిన జీతం సగటున 30,238 డాలర్లు, ఆమెకు 26,508. ఈ తేడా చూపించినవాళ్లలో మగ అధ్యాపకులూ ఉన్నారు, ఆడ అధ్యాపకులూ ఉన్నారు. జెన్నిఫర్‌ను చిన్నచూపు చూడాలని వాళ్లెవరూ అనుకుని ఉండరు. అందుకే మంచి మనసును నమ్ముకుంటే చాలదు, పద్ధతి కావాలి. అందరినీ అవే ప్రశ్నలు అవే వరసలో అడగడం, మార్కులు వేసుకున్నాకే చర్చించడం లాంటి చాదస్తాలు ఇక్కడ పనికొస్తాయి. ఇంకా మంచిది చిన్న పని ఇచ్చి చూడటం. తప్పులున్న డేటా పట్టిక ఒకటి చేతికిచ్చి గంటసేపు వదిలేస్తే, గంటసేపు ఇంటర్వ్యూలో తెలియనివి తెలుస్తాయి. ఆ గంటకు మించి మాత్రం అడక్కూడదు. ఊరికే పని చేయించుకోవడం అవుతుంది.

ఊరికే అంటే గుర్తొచ్చింది. ‘అనుభవం కోసం’ జీతం లేకుండా చేరే డిగ్రీ విద్యార్థుల మీద చాలా ల్యాబులు నడుస్తాయి. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగినవాళ్లకే ఆ అనుభవం దొరుకుతుంది. తర్వాతి ఏడాది పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ‘ల్యాబ్ అనుభవం ఉందా?’ అన్నది మొదటి ప్రశ్న అవుతుంది.

ప్రతిభ సరిపోయినా నిబంధన అడ్డుపడే సందర్భాలూ ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ డబ్బుతో పీహెచ్‌డీ చేయించే మేరీ క్యూరీ డాక్టొరల్ నెట్‌వర్కుల్లో, చేరడానికి ముందు 36 నెలల్లో తాము చేరబోయే దేశంలో 12 నెలలకు మించి ఉన్నవాళ్లు సాధారణంగా అనర్హులు. పరిశోధకులు దేశాలు దాటి కదలాలన్నది ఆ పథకం ఉద్దేశం. అదే ఊళ్లో మాస్టర్స్ చేసిన మంచి విద్యార్థిని పక్కన పెట్టి, దూరం నుంచి వచ్చేవారి వీసా కోసం నాలుగు నెలలు ఎదురుచూసే పీఐలు ఆ ఉద్దేశాన్ని ఏ మాటలతో తలచుకుంటారో ఇక్కడ రాయను.

ఇక దరఖాస్తు పెట్టేవాళ్ల సంగతి. ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా?’ అంటారు. ఎక్కువమంది మర్యాదకు పరిశోధనాంశం గురించి ఏదో అడిగి లేచిపోతారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. నాది ఉద్యోగ ఒప్పందమా, ఫెలోషిప్పా? గ్రాంటు అయిపోయాక నా థీసిస్ మిగిలితే డబ్బు ఎక్కడి నుంచి? నేను సేకరించిన డేటా మీద వచ్చే పేపర్లలో నా పేరు ఉంటుందా? ఇవి అడిగినందుకు మొహం మాడ్చుకునే పీఐ దగ్గర చేరకపోవడమే మంచిది. అన్నిటికంటే ముందు అడగాల్సింది, జీతం కంటే కూడా ముందు, గ్రాంటు ఏ తేదీన మొదలైందని. ప్రకటనలో మూడేళ్లు అని ఉండొచ్చు, ఆ మూడేళ్లు ఫ్రీజరు రాకముందు, మంజూరు తేదీ నుంచే నడుస్తున్నాయి. 36లోంచి ఎనిమిది తీసేస్తే మీకు మిగిలేది 28 నెలలు.